ఎల్లారెడ్డి గుండు మీద డైనోసార్ అడుగు

తప్పు నాదే. రెండేళ్ళ కింద సంక్రాంతికి అక్క వాళ్ళ ఊరెళ్ళినప్పుడు, ఊరి వెనక గుండు మీద మూడు వేళ్ళ ఆకారంలో ఒక గుంట కనిపించింది. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. కింద నోటికొచ్చింది రాశాను: "డైనోసార్ అడుగు దొరికింది, మ్యూజియం వాళ్ళకు ఫోన్ చెయ్యండి." నాలుగు నవ్వు ఎమోజీలు వచ్చాయి. నేను మర్చిపోయాను.

మా మేనల్లుడు మర్చిపోలేదు.

మొన్న డిసెంబర్‌లో అక్క ఫోన్ చేసింది. "చిన్నోడు బడిల సైన్స్ ఫేర్‌కు చార్ట్ రాస్తున్నడు. 'మా ఊరి డైనోసార్' అని. నువ్వే జెప్పినవట గదా?" వాడికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. అప్పటికే సగం క్లాసును ఆ గుండు దగ్గరికి నడిపించుకుపోయి చూపించాడట. ఎవడైనా నమ్మకపోతే వాడి దగ్గర ఒకటే ఆధారం: "మా మామ ఇంజనీరు. మామనే జెప్పిండు."

టెస్ట్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లోకి వదిలిన కోడ్ గురించి మా ఆఫీసులో చాలా జోకులున్నాయి. ఇది ఆ లెవెల్ కూడా కాదు. రెండేళ్ళుగా ఒక పిల్లాడు దాని మీద ఇల్లు కట్టుకుంటున్నాడు.

సైన్స్ ఫేర్ సెలవుల తర్వాతే. సంక్రాంతికి కాచిగూడలో రైలెక్కాను.

కామారెడ్డిలో దిగేసరికి పొద్దెక్కింది. స్టేషన్ బయట టీ తాగి, బస్టాండ్‌కు నడిచి, ఎల్లారెడ్డి బస్సులో కిటికీ సీటు పట్టాను. ఈ రోడ్డు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చెరుకు, వరి, మళ్ళీ చెరుకు, మధ్యలో ఒక్కసారిగా రాళ్ళు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మర్చిపోయినట్టుండే గుండ్లు. లింగంపేటలో దిగితే నాగన్న బావి చూడొచ్చు. మెట్లు దిగుతూ దిగుతూ భూమిలోకి పోయే ఆ పాత దిగుడుబావి కోసం ఒక పూట కేటాయించండి. నేను మాత్రం ఈసారి దిగలేదు. వాడికి ఏం చెప్పాలో తేల్చుకునే పనిలో ఉన్నాను.

చెప్పాల్సిన నిజం చిన్నదే. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల మనం చూసే ఈ గుండ్లు గ్రానైట్, దాని చుట్టాలైన నైస్ రాళ్ళు. వీటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల ఎక్కడో లోతున కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్ళలో అరిగి కొట్టుకుపోతే ఇది బయటపడింది. డైనోసార్లు మొదలైంది సుమారు 23 కోట్ల ఏళ్ళ కింద. ఈ రాయి పుట్టినప్పుడు భూమ్మీద కాలున్న జీవే లేదు. కంటికి కనపడని సూక్ష్మజీవుల కాలం అది. డైనోసార్ వచ్చేసరికి ఇది గట్టి రాయి. గట్టి రాయి మీద ఎంత బరువైన కాలు పెట్టినా అచ్చు పడదు. ముందు బురద ఉండాలి. తర్వాత ఆ బురద రాయి కావాలి.

ఎల్లారెడ్డి దాటి మంజీర అవతలికి, జుక్కల్, మద్నూర్ వైపు పోతే నేల రంగు మారుతుంది. ఎర్ర చెల్క పోయి నల్లరేగడి వస్తుంది. దాని కింద ఉన్నది దక్కన్ లావా, వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళు. అంటే చివరి డైనోసార్లు బతికున్న రోజుల్లోనే పారి గడ్డకట్టిన రాయి అది. ఒకే జిల్లాలో ఒక చివర డైనోసార్లకు 200 కోట్ల ఏళ్ళకు పైగా ముందు, ఇంకో చివర వాటి ఆఖరి ఘట్టం. మధ్యలో వాటి కాలమంతా మాయం. పుస్తకంలో మొదటి పేజీ, చివరి పేజీ ఉంచి మిగతావి చింపేసినట్టు.

సాయంత్రం ముగ్గురం గుండు దగ్గరికి పోయాం. నేను, చిన్నోడు, వాళ్ళ బాపమ్మ. ఆమెకు మేకలకు తుమ్మ కొమ్మలు కావాలి, అందుకని వచ్చింది.

గుంట నిజంగానే బాగుంది. మూడు పాయలు, వెనక మడమలాంటి గుండ్రం. వాడు పక్కన కూచుని అందులో పడ్డ ఆకులు తీసేశాడు. గుడి శుభ్రం చేసినట్టు చేస్తున్నాడు.

"రెండో అడుగు ఏదిరా?" అన్నాను.

"ఏంది?"

"అది నడిచింది గదా. ఒక కాలు ఇక్కడ పెడితే ఇంకో కాలు ఎక్కడన్న పెట్టాలె."

చుట్టూ చూశాడు. "దుంకి ఉంటది," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వాడికి రాలేదు.

బాపమ్మ కొమ్మ విరుస్తూనే అంది, "డైనసోర్ ఏంది కొడుకా, అది భీముని అడుగు. మా అత్త జెప్పింది. ఇంకో అడుగు మెదక్ దిక్కు వెట్టిండు."

కనీసం ఆమె దగ్గర రెండో అడుగు లెక్క ఉంది.

అప్పుడు చెప్పాను. గ్రానైట్ ఎలా పుట్టిందో, గుంటలో వాన నీళ్ళు నిలిచి నిలిచి రాయిలోని మెత్తటి ఖనిజాలను ఎలా తింటాయో, సన్న పగుళ్ళున్న చోట అది వేళ్ళలా ఎలా పాకుతుందో. వాడు మొత్తం విన్నాడు. ఏడవలేదు. తల వంచుకుని అడిగాడు.

"మరి నువ్వెందుకు జెప్పినవ్?"

"జోక్ చేసినరా."

"నేను జోక్ చెయ్యలే గదా మామా."

ఆ తర్వాత మా కన్నా ముందే నడుచుకుంటూ ఇంటికి పోయాడు. రాత్రి సకినాలు కూడా ముట్టలేదు. గోడకు ఆనించి ఉన్న చార్ట్‌ను వెనక్కి తిప్పి పెట్టాడు.

పొద్దున్నే వాడిని లేపి చెరువు గట్టుకు తీసుకుపోయాను. రానన్నాడు. టేపు, స్కేలు, నోట్‌బుక్ పట్టుకు రావాలన్నాను. కొలిచే పని అంటే పిల్లలు కాదనరు.

జనవరిలో చెరువు కొద్దిగా వెనక్కి తగ్గి ఉంటుంది. నీళ్ళకూ గడ్డికీ మధ్య నాలుగైదు గజాల వెడల్పున నున్నటి బురద పట్టీ. దాని మీద రాత్రి నుంచి ఎవరెవరు వచ్చి పోయారో మొత్తం రాసుంది. మేకల జంట గిట్టలు, కుక్క, కొంగ, ఒక బర్రె, దాని వెనకాల దూడ. గట్టు దగ్గర నెమలి. నీళ్ళ అంచున బురద మరీ పలచన, అక్కడ అడుగు పడి వెంటనే పూడుకుపోయింది. పైన ఎండి గట్టిపడ్డ చోట అసలు పడలేదు. మధ్యలో ఒక రెండు గజాల మేర మాత్రం నెమలి గోరు గీత కూడా తేటగా ఉంది.

"ఇదిగో, ఇట్ల పడాలె అడుగు," అన్నాను.

ఇలాంటి బురద ఎండాలి. తర్వాత వచ్చే వరద దాన్ని చెరిపేయకుండా మెత్తగా కొత్త ఒండ్రు కప్పాలి. దాని మీద ఇంకో పొర, ఇంకో పొర. లక్షల ఏళ్ళ బరువు కింద అంతా రాయి కావాలి. ఆ తర్వాత పై పొర ఊడిపోయే రోజున, చూసే కళ్ళున్న మనిషి అక్కడ ఉండాలి. ఇన్ని షరతులు. అయినా ప్రపంచంలో ఎన్నో చోట్ల అవి దొరికాయంటే, ఎన్ని కోట్ల అడుగులు పడి ఉంటే ఇన్ని మిగిలాయో ఆలోచించండి.

వాడు నెమలి అడుగు దగ్గర కూచున్నాడు. మూడు వేళ్ళు ముందుకు. "ఇది డైనోసార్ లెక్కనే ఉంది."

ఉంటుంది. పక్షులు వచ్చిందే మాంసం తినే డైనోసార్ల వంశంలోంచి. రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర థయాత్ అనే ఊళ్ళో దొరికిన జురాసిక్ అడుగులు కూడా మూడు వేళ్ళవే, మాంసాహారులవే. కొన్ని 35 సెంటీమీటర్లు. ఒకటేమో ఐదున్నర సెంటీమీటర్లు, మన చూపుడు వేలంత.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆకులు తినే చిన్న డైనోసార్లు కూడా మూడు వేళ్ళతోనే నడిచాయి. ఇప్పుడు రాయి మీద ఒక మూడు వేళ్ళ అచ్చు ఉంది. వేటాడేదా, మేసేదా? నెమలి అడుగులో నడిమి వేలు పొడుగ్గా, సన్నగా, చివర గోరు గుచ్చినట్టు ఉంది చూడండి, వేటాడేవి ఎక్కువగా అలా ఉంటాయి. మేసేవాటి వేళ్ళు పొట్టిగా, మొద్దుగా, బాగా విచ్చుకుని ఉంటాయి. ఇది లెక్క కాదు, అంచనా. అసలు ఆధారం ఇంకో చోట దొరికింది.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, సౌత్ హ్యాడ్లీ. 1802లో ప్లైనీ మూడీ అనే రైతుబిడ్డ పొలంలో మూడు వేళ్ళ అచ్చులున్న రాతి పలక బయటపెట్టాడు. దాన్ని ఊరివాళ్ళు నోవా కాకి అడుగు అన్నారు, బైబిల్ ప్రళయంలో పడవ నుంచి వదిలిన కాకి అన్నమాట. భీముడి అడుగు, నోవా కాకి, ఊరు మారినా మనుషులు ఒకటే. తర్వాత ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే ప్రొఫెసర్ ఆ లోయ అంతా తిరిగి అచ్చులు పోగేసి, 1836 నుంచి వాటి మీద రాస్తూ పోయాడు. ఇవి పెద్ద పెద్ద పక్షులవని ఆయన నమ్మకం.

ఆయన పేరు పెట్టినవాటిలో ఒకటి అనొమీపస్. పొంతన లేని పాదం అని అర్థం. అడుగు చిన్నది, చాలావరకు జానెడు కూడా ఉండదు. నడిచినప్పుడు మూడు వేళ్ళే కనిపిస్తాయి. కానీ కొన్ని పలకల మీద ఆ జీవి ఆగి కూచుంది. వెనక కాళ్ళను మడమల దాకా నేలకు ఆనించి, రెండు చేతులు ముందు పెట్టింది. ఆ చేతి అచ్చులో ఐదు పొట్టి వేళ్ళు. పక్షికి చేతులెక్కడివి? వేటాడే డైనోసార్ అయితే అరచెయ్యి అలా నేలకు ఆనించే రకం కాదు. ఆకులు మేసే చిన్న డైనోసార్ల తొలి వంశాల చేతి ఎముకలతో పోల్చితే ఈ ఐదు వేళ్ళు సరిపోతాయి.

ఈ చిన్న విషయం నన్ను చాలాసేపు పట్టుకుంది. ఎముకలు దొరికితే దాని ఎత్తు, పొడవు, పళ్ళు తెలుస్తాయి. కానీ ఎముకలు చచ్చిన తర్వాతవి. ఏటి నీళ్ళు వాటిని ఎక్కడ పుట్టినవి ఎక్కడికో మోసుకుపోతాయి. అడుగును ఏ నీళ్ళూ మొయ్యలేవు. ఆ జీవి సరిగ్గా అక్కడ, బతికి, నిలబడి ఉంది. రెండు కాళ్ళ మీద వచ్చింది, అలిసిందో, నీళ్ళు తాగిందో, ఒకసారి కూచుంది, లేచి పోయింది. సుమారు 20 కోట్ల ఏళ్ళ కిందటి ఒక మధ్యాహ్నంలో రెండు నిమిషాలు.

వీటి వర్గానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఆర్నితిస్కియన్, పక్షి తుంటి ఉన్నవి అని. పక్షులు మాత్రం ఇందులోంచి రాలేదు, అటుపక్క వర్గంలోంచి వచ్చాయి. వేరియబుల్స్‌కు పేర్లు పెట్టడంలో మేమే అధ్వాన్నం అనుకునేవాణ్ణి.

"ఎంత స్పీడు పోతదో గూడ తెలుస్తదా?" వాడు అడిగాడు. ఆ ప్రశ్న కోసమే టేపు తెచ్చాను.

1976లో ఆర్. మెక్‌నీల్ అలెగ్జాండర్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త, బతికున్న జంతువులు, మనుషుల నడకలు చూసి ఒక ఫార్ములా ఇచ్చాడు. రెండు అంకెలు చాలు. ఒకటి, ఒక కాలు అచ్చు నుంచి అదే కాలు తర్వాతి అచ్చు దాకా దూరం. రెండోది నేల నుంచి తుంటి దాకా ఎత్తు. డైనోసార్ తుంటి మనకు కనిపించదు కాబట్టి అడుగు పొడవును నాలుగుతో గుణించి ఉజ్జాయింపుగా తీసుకుంటారు.

వాడినే బురదలో నడిపించాను. పాదం 18 సెంటీమీటర్లు. నాలుగుతో గుణిస్తే తుంటి 72. కుడి కాలు నుంచి కుడి కాలుకు 110. ఫోన్‌లో లెక్క కడితే గంటకు 4.9 కిలోమీటర్లు వచ్చింది. పది మీటర్లు గీత గీసి స్టాప్‌వాచ్ పెట్టి మళ్ళీ నడిపిస్తే 8 సెకన్లు, అంటే గంటకు 4.5. దగ్గరదగ్గర సరిపోయింది. వాడు మూడుసార్లు నడిచాడు. నిన్నటి నుంచి మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వాడు.

"ఇప్పుడు దానిది చెయ్."

పది సెంటీమీటర్ల పాదమున్న చిన్న డైనోసార్ అనుకున్నాం. తుంటి 40. అడుగుల దూరం 60 సెంటీమీటర్లయితే గంటకు మూడున్నర కిలోమీటర్లు, మేస్తూ పోతోంది. అదే దూరం 160 అయితే గంటకు 18. పరుగు. ఎవరో తరుముతున్నారు, లేకపోతే దానికే తొందర.

ఇక్కడ వాడికి చెప్పకుండా దాచలేని సంగతి ఒకటుంది. నాలుగుతో గుణించడం ఉజ్జాయింపు మాత్రమే. ఇలాంటి చిన్న శాకాహారులకు 4.8 సరైందని వాదించినవాళ్ళున్నారు. అలా తీసుకుంటే 18 కాస్తా 14.6కు దిగుతుంది. అచ్చులు మారలేదు, టేపు మారలేదు. మనం అనుకున్న ఒక్క అంకె మారింది, అంతే.

అంతకన్నా పెద్ద గొడవ ఆస్ట్రేలియాలో జరిగింది. క్వీన్స్‌లాండ్‌లో వింటన్ దగ్గర లార్క్ క్వారీ అనే చోట ఒకే పలక మీద మూడు వేలకు పైగా చిన్న చిన్న అడుగులు, తొమ్మిది కోట్ల ఏళ్ళ పైబడినవి. ఆకులు మేసేవి కొన్ని, చిన్న వేటగాళ్ళు కొన్ని, దాదాపు అన్నీ ఒకే దిక్కుకు. పక్కనే ఒక పెద్ద మూడు వేళ్ళ అడుగుల వరుస. టోనీ థల్‌బోర్న్, మేరీ వేడ్ 1984లో ఇచ్చిన వివరణ సినిమా సీన్‌లా ఉంటుంది: పెద్ద మాంసాహారి వచ్చింది, చిన్నవన్నీ హడలి ఒక్కసారిగా పరుగెత్తాయి. లెక్కల్లో వేగాలు కూడా పరుగు అనే వచ్చాయి. తర్వాత ఆంథొనీ రొమిలియో, స్టీవ్ సాలిస్‌బరీ అదే పలకను మళ్ళీ కొలిచి 2011లో ఆ పెద్దది కూడా ఆకులు తినేదే కావచ్చన్నారు. 2013లో ఇంకో దెబ్బ: ఆ చిన్న అచ్చుల్లో చాలా వాటికి పూర్తి పాదం లేదు, వేళ్ళ చివర్ల గీతలే ఉన్నాయి. అంటే అవి పరుగెత్తలేదు, ఏటి నీళ్ళలో తేలుతూ కాళ్ళతో అడుగు తడుముకుంటూ పోయాయి, అదీ ఒక్కరోజులో కాదు అన్నారు. థల్‌బోర్న్ ఒప్పుకోలేదు. నాకు రెండో వివరణ ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అందులో విలన్ అవసరం లేదు. నచ్చడం రుజువు కాదనుకోండి.

వాడు పుల్లతో మేక గిట్ట పక్కన తవ్వాడు. కింద పొర కూడా లోపలికి వంగి ఉంది, కాస్త మసకగా. పై పొర పోయి ఈ కింది పొర మాత్రమే రాయిగా మిగిలితే, చూసినవాళ్ళు ఇది వేరే జంతువు అనుకోవచ్చు. అనుకున్నారు కూడా. అందుకే అడుగులకు పెట్టే పేర్లు వేరు, ఎముకలకు పెట్టే పేర్లు వేరు. అనొమీపస్ అన్నది జంతువు పేరు కాదు, అచ్చు పేరు.

ఇంటికి పోయేటప్పుడు గట్టు మీద ఆగి అడిగాడు. "అయితే మన దగ్గర డైనోసార్లే లేవా?"

దీనికి మాత్రం నా దగ్గర మంచి జవాబుంది. ఉన్నాయి, ఎల్లారెడ్డిలో కాదు గానీ తెలంగాణలోనే. ప్రాణహిత–గోదావరి లోయలో కోట శిలలని ఉన్నాయి, జురాసిక్ కాలంలో ఏరులు, చెరువులు పరిచిన ఒండ్రు రాళ్ళు. మన గుండ్లలా కరిగి గట్టిపడినవి కాదు, పొరలు పొరలుగా పేరుకున్నవి. అక్కడి యామన్‌పల్లి దగ్గర దొరికిన పొడుగు మెడ డైనోసార్ కోటసారస్. దానికి 1988లో పి. యాదగిరి పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. నేను దాన్ని ఇంజనీరింగ్ రోజుల్లో చూశాను, సెల్ఫీ కోసం.

అది పెద్దది. మరి చిన్నవి? అదే కోట శిలల నుంచి ఆర్నితిస్కియన్ల పళ్ళు దొరికాయని ఢిల్లీ యూనివర్సిటీకి చెందిన గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, జమ్మూకు చెందిన వరుణ్ పర్మార్ 2020లో ప్రకటించారు. ఒక్కో పన్ను మిల్లీమీటర్లలో కొలిచేంత. ఆకులు నమిలిన పళ్ళు, మన గోదావరి లోయవి. మట్టిని జల్లెడ పట్టి, మిగిలినదాన్ని మైక్రోస్కోప్ కింద గింజ గింజ ఏరితే దొరికే సరుకు అది.

"పన్ను చూస్తే ఎంత స్పీడు పోతదో తెల్వదు గదా," అన్నాడు.

తెలియదు. పన్ను ఏం తిన్నదో చెబుతుంది. ఎలా నడిచిందో కాళ్ళు చెప్పాలి. చెయ్యి నేలకు ఆనించి కూచునేదా అన్నది బురద చెప్పాలి.

ఆ సాయంత్రం వాడు చార్ట్ మళ్ళీ ముందుకు తిప్పాడు. 'మా ఊరి డైనోసార్' అన్న అక్షరాల మీద తెల్ల కాగితం అతికించి, స్కెచ్ పెన్‌తో 'ఇది డైనోసార్ అడుగు ఎందుకు కాదు' అని రాశాడు. కింద గుండు బొమ్మ, దాని పక్కన చెరువు బురదలో నెమలి, మేక, తన పాదం, మూడింటికీ కొలతలు. దోస్తులు నవ్వుతారేమోనని ఒకసారి ఆగాడు. "మామ తప్పు జెప్పిండు అని రాయాల్నా?" అని అడిగాడు. రాయమన్నాను. చార్ట్ మూలకు చిన్నగా రాశాడు, కానీ రాశాడు. బాపమ్మ భీముని సంగతి కూడా పెట్టమంది. అదీ పెట్టాడు, రెండో అడుగు మెదక్ దిక్కు ఉందట అన్న వివరంతో సహా.

తిరుగు ప్రయాణంలో కామారెడ్డి స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డప్పుడు అక్క నంబర్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల కోడి అరుపులు, బాపమ్మ తిట్లు.

"మామా, మన కోడి అడుగు ఏడు సెంటీమీటర్లు. నాలుగుతోని కొడ్తె ఇర్వై ఎన్మిది రావాలె. పట్టుకొని టేపు వెడ్తె ఇర్వై గూడ లేదు. నేను తప్పు కొలిచిన్నా, లెక్కనే తప్పా?"

రైలు ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చేస్తోంది. కోడి తొడ ఎముక నిలువుగా ఉండదు, పొట్టలో దాక్కుని దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది, అందుకే తుంటి కిందికి వస్తుందని చెప్పాలి. అంతకన్నా ముందు, తప్పు కొలవలేదని చెప్పాలి. బ్యాగు భుజాన వేసుకుని మైక్ బటన్ నొక్కి పట్టుకున్నాను.